బాబాయి కారుకి ఐసు వైద్యం

ఆ రోజుల్లో మా వంశం మొత్తానికీ ఉన్నవి ఒక్క కారు, ఒక్క మెకానికల్ ఇంజనీరు. కారు మా బాబాయిది. ఇంజనీరుని నేను. ఈ రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టాయని మావాళ్ళందరికీ గట్టి నమ్మకం. (మా కాలేజీలో ఉన్న ఒకే ఒక్క ఇంజనుని సగానికి కోసి, రంగులు వేసి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారనీ, ఆ బోర్డుని మేము నాలుగేళ్ళూ గౌరవించామనీ నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.) కారు దగ్గినా తుమ్మినా నన్నే పిలిచేవారు. నేను బానెట్ ఎత్తించి, చేతులు వెనక్కి కట్టుకుని, లోపలికి చూసి "ఊఁ" అనేవాణ్ణి. చాలాసార్లు ఆ తర్వాత అది స్టార్టయ్యేది. వయసులో ఉన్నప్పుడు అదృష్టాన్ని పరిజ్ఞానం అనుకోవడం పెద్ద నేరం కాదు.

బాబాయిది బందరులో చేపల వ్యాపారం. తెల్లవారేసరికి రేవులో వేలం పాడి సరుకు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, వ్యానులో బెజవాడ పంపేవాడు. వ్యాను రాని రోజున కారు వెనక సీటు ఊడదీసి పెట్టెలు అందులో ఎక్కించేవాడు. సాయంత్రానికి సీటు మళ్ళీ బిగించి, దాని మీద పూల దుప్పటి పరిచి, పిన్నిని సినిమాకి తీసుకెళ్ళేవాడు. అది తెల్ల కారు. తెలుపు అనేది బాబాయి మాట, మేము వాదించేవాళ్ళం కాదు. ఏళ్ళ తరబడి కారిన ఉప్పునీటికి అడుగు రేకు తిని, వెనక కూర్చున్నవాళ్ళకి కాళ్ళ సందుల్లోంచి రోడ్డు కనిపించేది. బాబాయి దాన్ని "గాలాడుద్ది" అనేవాడు. ఇక వాసన సంగతి. మాకైతే తెలిసేది కాదు. పుట్టినప్పటి నుంచీ పీల్చే గాలిని ఎవరూ వాసన అనరు.

బాబాయి మరీ ఎక్కువ విషయాల్ని నమ్మే మనిషి కాదు, కానీ ఐసుని నమ్మాడు. మాలో ఎవరికి కాలు బెణికినా, తల నొప్పెట్టినా, ఇంట్లో ఫ్రిజ్ పాడైనా, చివరికి ఇన్వర్టర్ వేడెక్కినా ఆయన వైద్యం ఒక్కటే. "ఐసు పడితే ఏదైనా నాలుగు రోజులు ఆగుద్దిరా" అనేవాడు. వ్యాపారంలో అది నిజమే. ఇన్వర్టర్ విషయంలో అంత నిజం కాదని తేలింది, కానీ పిన్ని ఆ సంగతి ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు.

నాకు బెజవాడలో పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చిన ఏడాదికి పామర్రు నుంచి సంబంధం వచ్చింది. మావాళ్ళే. కాకపోతే వాళ్ళు ఒక తరం కిందట చేపలు మానేసి బట్టల్లోకి వెళ్ళారు. పామర్రు సెంటర్లో కొట్టు. పట్టుచీరలకి ఆ చుట్టుపక్కల పేరున్న కొట్టు. కాబోయే మామగారు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నుదుట విభూతి, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. కొట్టులో పొద్దునా సాయంత్రం సాంబ్రాణి. ఆ కొట్టులో చేప అనే మాట ఎవరూ పలకరని మా పెళ్ళిళ్ళ పేరయ్య ముందే హెచ్చరించాడు. మా నాన్న మాట్లాడాల్సిన పనులన్నీ తమ్ముడికి వదిలేసే మనిషి కాబట్టి, మా తరఫున మాట్లాడింది బాబాయే. అబ్బాయి చదువు, ఉద్యోగం, గుణం అన్నీ ఒక్క ముక్కలో తేల్చేసి, అసలు సంగతికి వచ్చాడు. "మావాడికి కారుందండీ. ఇక నుంచి నాది వాడిదే. పెళ్ళయ్యాక అమ్మాయినీ సారెనీ మన బండిలోనే తోలుకెళ్తాం. అద్దె బండెక్కాల్సిన ఖర్మ మీ పిల్లకి పట్టనివ్వను." మామగారు కాసేపు ఆగి, "అలాగేనండీ" అన్నారు. ఆ ఆగడం నాకు ఆనందంతో ఆగడంలా కనిపించింది. అమ్మాయి తల వంచుకుంది. అదీ అలాగే కనిపించింది. ఆ క్షణం నుంచి నాకు మనసులో ఒక లెక్క స్థిరపడింది. వీళ్ళు పిల్లనిస్తున్నది కారున్న అబ్బాయికి. అందులోంచి కారు తీసేస్తే ఏం మిగులుతుందో అప్పటికి నాకూ అంత నమ్మకం లేదు.

వాళ్ళంతా బందరు వచ్చి మా ఇల్లు చూసుకుంటే, తిరుగు ప్రయాణంలో బాబాయి, నేను కారులోనే వాళ్ళని పామర్రులో దింపి వచ్చాం. తాంబూలాలు అయిపోయాయి. పెళ్ళికి నెల కూడా లేదనగా, కారుని బెజవాడలో నాకు అప్పజెప్పడానికి బాబాయి, నేను బందరు నుంచి బయలుదేరాం. మధ్యాహ్నం ఎండ. పామర్రు ఇంకా రాలేదనగా బానెట్ కింద నుంచి ఆవిరి మొదలైంది. బాబాయి బండిని కాలవ గట్టున ఆపాడు. నేను అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని "ఊఁ" అన్నాను. ఈసారి పని చేయలేదు. సరిగ్గా అప్పుడే, ఆ రోజు ఆలస్యంగా బయలుదేరిన బాబాయి సరుకు వ్యాను వెనక నుంచి వచ్చి ఆగింది. ఆ తర్వాత జరిగింది చాలా వేగంగా జరిగింది.

"ఓ పెట్టె దింపరా!" అన్నాడు బాబాయి వ్యాను డ్రైవరుతో.

"బాబాయ్, వేడి ఇంజను మీద ఐసు పోస్తే..." అని నేను ఏదో పాఠం గుర్తు తెచ్చుకోబోయాను.

"పోస్తే?"

"మంచిది కాదేమోనని."

"ఏమో ఏంటిరా? ఇంజనీరువి. అయితే అవునను, కాకపోతే కాదను."

ఆ పాఠం నేను రెండో ప్రయత్నంలో పాసైన పాఠం. అవునో కాదో గట్టిగా చెప్పే స్థితిలో లేను. బాబాయి రొయ్యల మీద కప్పే పద్ధతిలోనే, ఎక్కడా సందు లేకుండా, ఇంజను మీద కొట్టిన ఐసు పొడి కప్పి రెండు చేతులా అదిమాడు. లోపల "టక్" అని ఒక చిన్న చప్పుడయ్యింది. పెద్ద నష్టాలు ఎందుకో చిన్న చప్పుళ్ళతోనే వస్తాయి. "చూశావా, చల్లబడింది" అన్నాడు బాబాయి. నిజమే. మళ్ళీ ఎప్పుడూ వేడెక్కలేదు.

చేపల వ్యానుకి తాడు కట్టి కారుని బెజవాడ ఆటోనగర్‌కి లాక్కెళ్ళాం. ఆ దారి పామర్రు సెంటరులోంచే పోతుంది. కొట్టు దగ్గర పడేసరికి నేను చెప్పు వెతుక్కుంటున్న వాడిలా సీటు కిందికి ఒరిగాను. బాబాయి మాత్రం స్టీరింగ్ పట్టుకుని, కొట్టు వైపు చూసి, నవ్వుతూ చెయ్యి ఊపాడు. "ఊరుకో బాబాయ్" అంటే, "కనపడితే పలకరించకపోతే ఏమనుకుంటార్రా?" అన్నాడు.

ఆటోనగర్ చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. అక్కడ కారుని బాగుచేసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇంజను బాగుచేసేవాళ్ళుంటారు. రేడియేటర్ బాగుచేసేవాళ్ళుంటారు. రేకు పని చేసే టింకరింగ్ వాళ్ళుంటారు. సీట్లకి ఒక సందు, లైట్లకి ఒక సందు, అద్దాలకి ఒక సందు. ఎవరి సందు వాళ్ళదే, ఎవరి మాట వాళ్ళదే. మా కారు రేడియేటర్ విప్పి చూసినాయన, "మా తరఫున మీ బండి వజ్రమండీ, కాస్త అతుకేస్తే చాలు. ఇంజనాయన ఏమంటాడో మరి" అన్నాడు. ఇంజనాయన ఇంజను పైమూతని, అంటే హెడ్డుని, విప్పి, దాని మీది చీలిక మీద గోరు గీసి చూపించి, "ఇది పగిలిందండీ. కొత్త హెడ్డు వేస్తే ఇంజను పదేళ్ళకి తిరుగులేదు. కాకపోతే అడుగు రేకు ఉంటదా అన్నది టింకరాయన్ని అడగాలి" అన్నాడు. టింకరాయన కింద దూరి, చాలాసేపు అక్కడే ఉండి, బయటికొచ్చి, "అడుగంతా తీసి కొత్తది కొట్టేద్దామండీ, ఇంజను బాగుంటే చేయించుకోవడం మంచిదే" అన్నాడు. ఒక్కొక్కరి లెక్క విడిగా వింటే మర్యాదగానే ఉంది. మూడూ కలిపితే అదే సందులో నడిచే పాత కారు ఒకటి కొనుక్కుని, దానికి దండ కూడా వేయొచ్చు. కలిపి చెప్పే మనిషి మాత్రం ఆటోనగర్ మొత్తంలో దొరకలేదు. ఆ పని ఇంజనీరుదట.

సరిగ్గా ఆ లెక్కకి సరిపడా నా దగ్గర ఉంది. అదే ఇబ్బంది. పెళ్ళయ్యాక కాపురానికి పటమటలో రెండు గదుల వాటా చూసుకుని, దాని అడ్వాన్సు కోసం కూడబెట్టుకున్నది. ఆ ఇల్లు నాకు చాలా ఇష్టం. వంటింటి కిటికీలోంచి పక్కింటి కరివేపాకు చెట్టు అందేది. కారు బాగుచేయిస్తే ఇల్లు పోతుంది, కారు వదిలేస్తే, నా లెక్క ప్రకారం, పెళ్ళే పోతుంది. బాబాయిని అడిగితే ఆయన దృష్టిలో ఇది ప్రశ్నే కాదు. "మీ తాతకి గుండెపోటు వస్తే అమ్మేశామేంట్రా?" అన్నాడు. తాతని కొనడానికి ఎవరైనా వచ్చారా అని అడగబోయి మానేశాను.

మర్నాడు సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. అప్పటికి మేము ఒకరినొకరు మీరు అనుకునే దశలో ఉన్నాం. (ఆవిడ ఇప్పటికీ అక్కడే ఉంది. కోపం వచ్చినప్పుడు మాత్రం మీరు అని మరీ గట్టిగా అంటుంది.)

"నిన్న మీ బండిని వ్యాను లాక్కెళ్తుంటే నాన్నగారు చూశారంట. ఏమైందండీ?"

"పెద్దగా ఏం లేదండీ. ఆటోనగర్‌లో చిన్న రిపేరు."

"బాగవుద్దంటారా?"

"తప్పకుండా బాగవుతుంది. ఎంతైనా సరే చేయిస్తాను."

 అటు నుంచి చాలా చిన్న గొంతుతో, "తప్పదా?" అంది.

నా డబ్బు గురించి ఆ పిల్ల పడుతున్న ఆవేదనకి నా కళ్ళు చెమర్చాయి. "మీకోసం ఆ మాత్రం చేయలేనా?" అన్నాను. ఫోన్ పెట్టేసింది. సిగ్గనుకున్నాను. అప్పటికప్పుడు నిర్ణయం అయిపోయింది. ఇల్లు తర్వాత చూసుకోవచ్చు. కరివేపాకు బజారులో కూడా దొరుకుతుంది.

మర్నాడు ఉదయం డబ్బు జేబులో పెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. బాబాయి బందరు నుంచి మొదటి బస్సుకే వచ్చేశాడు. ఇంజనాయన కొత్త హెడ్డు తెప్పించమంటారా అన్నట్టు నా వైపు చూస్తున్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను. అప్పుడు సందు మొగలో ఆటో ఆగి, అందులోంచి మామగారు, ఆయన వెనకే అమ్మాయి దిగారు. హోల్‌సేల్ కొట్లకి సరుక్కి వచ్చి, ఇలా తిరిగారట. మామగారి చేతిలో బత్తాయిల సంచి. ఒంట్లో బాగోలేదంటే పరామర్శకి ఉత్త చేతులతో వెళ్ళడం ఆయన ఎరగరు. కారుని చూడటానికి ఆటోనగర్‌కి బత్తాయిలతో వచ్చిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. సంచి ఎవరికివ్వాలో తెలియక కాసేపు తటపటాయించి, చివరికి ఇంజనాయన చేతికిచ్చారు.

"ఏం ఫరవాలేదు బావగారూ" అన్నాడు బాబాయి. "మీ అల్లుడు డబ్బు తెచ్చేశాడు. పెళ్ళినాటికి మీ గుమ్మంలో ఉంటది. సారె సర్దుకోండి మీరు."

 మామగారు కండువా సర్దుకుని కారు దగ్గరికి వెళ్ళారు.  ఆయన ముందు చక్రం పైన రేకు మీద బొటనవేలు పెట్టి మెత్తగా నొక్కారు. రేకు లోపలికి పోయింది. వేలు తీశారు. గుంట గుంటలాగే ఉంది. వంగి హెడ్‌లైటు వైపు చూశారు. అది ఎప్పుడో లోపలికి కుంగిపోయింది. తర్వాత, పొద్దున్నే లేచి రోజూ చేసే పనిలా, ఏ ఆలోచనా లేకుండా బానెట్ అంచు రెండు వేళ్ళతో పైకెత్తి, లోపల నల్లగా మసిబారిన చోట తొంగిచూసి, ముక్కు దగ్గరగా పెట్టి ఒక్కసారి పీల్చి, వదిలేశారు.

బాబాయి మొహం మారిపోయింది. "బావగారూ! మీరు మొప్ప చూశారేంటి!"

మామగారు ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. విభూతి కింద మొహం ఎర్రబడింది. ఒకసారి కూతురి వైపు, ఒకసారి నా వైపు చూసి, ఇక దాచి లాభం లేదనుకున్నట్టు నిట్టూర్చారు. "మా నాన్న తట్ట మోశాడు కదండీ. చిన్నప్పుడు రేవుకి నన్నే తీసుకెళ్ళేవాడు. చేతికి అలవాటు పోలా." తర్వాత గొంతు అదే మెత్తదనంతో, "మీరే చెప్పండి బావగారూ. నొక్కితే గుంట పైకి లేవట్లా. కన్ను లోపలికి పోయింది. మొప్ప నల్లబడింది. ఇలాంటి సరుకు తెల్లారి మీ ముందు పోస్తే పాడతారా?"

బాబాయి కారు వైపు చూశాడు. అంతకుముందు ఎప్పుడూ దాన్ని ఆయన ఆ చూపుతో చూడలేదు. ముగ్గురు మేస్త్రీలు, ఒక ఇంజనీరు రెండు రోజులు చూసినా తేల్చనిది ఆయనకి ఇప్పుడు కళ్ళ ముందు కనిపిస్తోంది.

"పాడను" అన్నాడు చివరికి.

"పోనీ, ఐసేసి ఉంచుతారా?"

"ఐసు దండగండీ. ఈపాటికి అవతల పడెయ్యాల్సిన సరుకు." ఆ మాట అనేశాక బాబాయికి దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. నా భుజం మీద ఒక్కటి చరిచి, "మీ మామకి రేవు తెల్సురా! మనోడేరా!" అని సందంతా వినపడేలా అరిచాడు.

"వాసన తప్పని కాదండీ" అన్నారు మామగారు, ఇంకా ఏదో సర్దిచెప్పాలన్నట్టు. "ఆ వాసనే మమ్మల్ని పెంచింది. కాకపోతే పట్టుచీరకి పట్టిందంటే వదలదు. మొన్నామధ్య మీ ఇల్లు చూసి ఈ బండిలో వెళ్ళాక, మా ఆవిడ చీర ఇప్పటికీ దండెం మీదే ఉంది. సారె చీరలన్నీ ఇందులో పెట్టి పంపాలంటే... మీతో ఎలా చెప్పాలో తెలీక నెలరోజులుగా నాకు నిద్ర లేదు బావగారూ."

"నోరుంది దేనికండీ, ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు బాబాయి. నేను జేబులోంచి చెయ్యి బయటికి తీశాను. ఖాళీగానే తీశాను.

ఆ తర్వాత బాబాయిని ఎవరూ ఆపలేకపోయారు. పక్కనున్న పాత టైరు మీదకెక్కి, రేవులో పాడినట్టే వేలం ఎత్తుకున్నాడు. "రండయ్యా రండి, కుప్పగా కాదు, ముక్కలుగా పాడుతున్నా! ఇంజనెవరికి? వజ్రంలాంటి రేడియేటరు ఎవరికి? అన్నా, నువ్వే అన్నావు వజ్రమని, పాడు మరి!" రేడియేటరాయన తన మాటకి తానే చిక్కి పాట పాడక తప్పలేదు. ఇంజనాయన హెడ్డు పోగా మిగిలింది తీసుకున్నాడు. తలుపులు, అద్దాలు, సీట్లు ఎవరి సందులోకి వాళ్ళు మోసుకుపోయారు. అడుగు రేకుకి మాత్రం ఎవరూ నోరు తెరవలేదు. టింకరాయన దాన్ని ఊరికే తీసుకెళ్తానన్నాడు. బాబాయి ఒప్పుకోక, ఆయన చేత నలుగురికీ టీలు చెప్పించాడు. (కాగితాలు రద్దు చేయించే పని ఇంజనీరుకి అప్పజెప్పారు. ఆ కారు విషయంలో నా చదువు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే.)

పెద్దవాళ్ళిద్దరూ రేవు కబుర్లలో పడ్డారు. ఒకప్పుడు పండుగప్ప చేప ఎలా ఉండేదో మామగారు చేతులు చాచి చూపిస్తున్నారు, ఆ చేతులు అంత వెడల్పుగా చాచడం కూతురు కూడా ఎప్పుడూ చూసినట్టు లేదు. మేమిద్దరం టీ గ్లాసులతో కాస్త పక్కకి నిలబడ్డాం.

"నిన్న మీరు ఎంతైనా సరే చేయిస్తానంటే, నాకు ఏడుపొచ్చిందండీ" అంది.

"నాకూ వచ్చింది."

"మరెందుకు చేయిస్తానన్నారు?"

"కారుందని కదా మీవాళ్ళు ఒప్పుకున్నారు."

ఆవిడ గ్లాసు దించి నా వైపు వింతగా చూసింది. "కారు చూసి వద్దనుకున్నామండీ. మా అమ్మయితే ఆ రోజు ఇంటికెళ్ళగానే వద్దంది. నాన్నగారే ఆపారు. మమ్మల్ని దింపినప్పుడు మీరు గబగబా దిగి, చుట్టూ తిరిగొచ్చి, మా అమ్మకి తలుపు తీశారు. తర్వాత నాకు తీశారు. చివరికి మా తమ్ముడిక్కూడా తీశారు. ఇంత మర్యాద తెలిసిన పిల్లాడు ఈ రోజుల్లో దొరకడన్నారు."

నేను మర్యాదగా టీ తాగాను. ఆ కారు వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవన్న సంగతి చెప్పడానికి అది తగిన సమయం అనిపించలేదు. (పెళ్ళయిన చాన్నాళ్ళకి బాబాయే చెప్పేశాడు.)

సారె అద్దె కారులో, అగరొత్తుల వాసనలో వచ్చింది. పటమటలో ఆ రెండు గదుల్లోనే దిగాం. ఇప్పుడు మాకూ సొంత కారుంది, దానికీ వయసు మీద పడింది, మొన్ననే ఆటోనగర్‌లో ఒకాయన దాని గురించి పెదవి విరిచాడు. ఏం చేయాలో తేల్చుకోలేక నిలబడినప్పుడు, జేబులో చెయ్యి పెట్టిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అంత చిన్న కారు మీద తన పెళ్ళంతా ఎక్కించి మోయించాలనుకున్న అమాయకుడు. వాడి మీద జాలీ వేస్తుంది, కొంచెం ఈర్ష్యా వేస్తుంది. ఇప్పటి కారు తలుపులు నాలుగూ లోపల్నుంచి శుభ్రంగా తెరుచుకుంటాయి. ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా ఎక్కడికెళ్ళినా, నేను దిగి, మోకాలు పట్టుకుని, చుట్టూ తిరిగి వచ్చేదాకా ఒళ్ళో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంటుంది.